బిడ్డకు డైపరా, గుడ్డా?

అత్తగారు పాత నూలు చీరలు చింపి, అంచులు మడిచి కుట్టి, రెండు డజన్ల లంగోటీలు సిద్ధం చేసి పెట్టారు. కోడలు పుట్టింటినుంచి బిడ్డతో వస్తూ డైపర్ల ప్యాకెట్టు తెచ్చుకుంది. "ఆ ప్లాస్టిక్కులో పసివాడు ఉడికిపోడుటమ్మా?" అంటారావిడ. "రాత్రికి ఆరుసార్లు లేచి గుడ్డలు మార్చి, తెల్లారి ఆఫీసుకు పరుగెత్తడం నావల్ల కాదత్తయ్యా" అంటుంది ఈ అమ్మాయి.

చంటిబిడ్డ ఉన్న చాలా ఇళ్ళల్లో జరిగే తగవే ఇది. ఇప్పుడీ తగవులో మూడో గొంతు కూడా వచ్చి కలిసింది. "వెదురు నారతో చేసినవి, రసాయనాలు లేనివి, మట్టిలో కలిసిపోయేవి" అంటూ కొన్ని రకాల డైపర్లు మామూలువాటికంటే ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. "అవైతే బిడ్డకూ మంచివి, భూమికీ మంచివటగదా, కొనమంటారా?" అని తల్లులు అడుగుతున్నారు.

జవాబు ముందే చెప్పేస్తాను. ఏ డైపరు కొన్నారన్నదానికన్నా, దాన్ని ఎంతసేపు ఉంచారన్నది బిడ్డకు ముఖ్యం. ఎన్ని వాడారు, వాడినవాటిని ఏం చేశారు అన్నది ఊరికి ముఖ్యం. ఈ రెండూ మీ చేతిలో ఉన్న విషయాలే. ఎందుకో వివరంగా చూద్దాం.

చర్మం ఎందుకు కందుతుంది?

బిడ్డ పిరుదులమీద, తొడల దగ్గర ఎర్రగా కందితే "ఈ డైపరు పడలేదు" అని రకం మారుస్తాం. నిజానికి అది ఎలర్జీ కావడం అరుదు. అసలు కారణాలు మూడు: తడి, ఒరిపిడి, మలం. చాలాసేపు నీళ్ళలో నానిన వేళ్ళు మెత్తబడినట్టే, తడిలో ఉన్న పసిబిడ్డ చర్మమూ మెత్తబడుతుంది. అలా మెత్తబడ్డ చర్మం గుడ్డ ఒరుసుకున్నా, డైపరు అంచు ఒరుసుకున్నా చిట్లుతుంది. ఇక మూత్రమూ మలమూ కలిసి ఉండిపోతే, మలంలోని సూక్ష్మజీవులవల్ల మూత్రంలోని యూరియా విరిగి అమ్మోనియా తయారవుతుంది. చర్మానికి సహజంగా ఉండే కొద్దిపాటి ఆమ్లగుణాన్ని అమ్మోనియా పోగొడుతుంది. అప్పుడు మలంలో మిగిలి ఉన్న జీర్ణరసాలు చర్మాన్ని దెబ్బతీయడం మొదలుపెడతాయి.

అందుకే విరేచనాలు పట్టుకున్నప్పుడు, యాంటీబయాటిక్ మందులు వాడేటప్పుడు, అన్నం అలవాటు చేశాక ఈ కందడం ఎక్కువ. తొమ్మిదో నెలనుంచి ఏడాది లోపు పిల్లల్లో మరీ ఎక్కువగా కనబడుతుంది. తల్లిపాలు మాత్రమే తాగే పిల్లల్లో తక్కువ. గుడ్డ అయినా డైపరు అయినా ఈ సూత్రం ఒకటే. తడిగుడ్డ కట్టి, పక్క తడవకుండా పైన ప్లాస్టిక్ జాంగియా తొడిగే అలవాటు కొందరికి ఉంది. అది అన్నిటికన్నా చెడ్డది.

డైపరు లోపల ఏముంది?

అమెరికాలో ప్రాక్టర్ అండ్ గాంబుల్ కంపెనీ 1961లో 'పాంపర్స్' పేరుతో వాడి పారేసే డైపర్లు అమ్మడం మొదలుపెట్టింది. అప్పట్లో లోపల తడిని పీల్చేది కాగితపు గుజ్జే. 1980ల నుంచి సోడియం పాలీఅక్రిలేట్ అనే పొడిని డైపర్లలో చేర్చారు. పంచదార పలుకుల్లా ఉండే ఈ పొడి నీటిని తన బరువుకు ఎన్నో రెట్లు పీల్చుకుని జెల్లీలా మారుతుంది. నొక్కినా నీటిని అంత తేలిగ్గా వదలదు. ఈ పొడికీ గుజ్జుకీ పైన బిడ్డ ఒంటికి తగిలే పలుచని పొర, అడుగున నీరు కారని ప్లాస్టిక్ పొర, తొడల దగ్గర సాగే దారాలు, అంటించడానికి జిగురు ఉంటాయి. డైపరు అంటే స్థూలంగా ఇంతే.

అత్తగార్లు కోపం తెచ్చుకోకపోతే ఒక నిజం చెప్పాలి. ఈ పొడి వచ్చాక, వేళకు మార్చే డైపరులో బిడ్డ చర్మం తడిగుడ్డలో కన్నా పొడిగానే ఉంటున్నది. ఎప్పుడైనా డైపరు చిరిగి జెల్లీ పలుకులు ఒంటికి అంటుకుంటే కంగారు పడనక్కరలేదు, నీళ్ళతో తుడిచెయ్యండి. చిరిగిన డైపరును మాత్రం బిడ్డ నోట్లో పెట్టుకోకుండా చూడండి, ఆ ముక్కలు గొంతుకు అడ్డం పడవచ్చు.

"డైపరు వేస్తే కాళ్ళు దొడ్డి అవుతాయటగదా?" అని అడుగుతుంటారు. కావు. పసిపిల్లల కాళ్ళు మొదట్లో కొద్దిగా వంగి ఉండడం సహజం, పెరుగుతూంటే అవే సర్దుకుంటాయి. బిడ్డ మోకాళ్ళు వంచి, తొడలు ఎడంగా కదిలించుకునే వీలుండాలి. కాళ్ళు రెండూ నిటారుగా దగ్గరకు చేర్చి బిగించి చుట్టడమే తుంటి కీలుకు మంచిది కాదు.

డైపరు చెప్పని కబురు

ఇంత మంచిదైతే మరి చిక్కెక్కడ? గుడ్డ తడిస్తే బిడ్డ ఏడుస్తుంది, పక్క తడుస్తుంది, ఎత్తుకున్నవాళ్ళ ఒడి తడుస్తుంది. అందరికీ తెలిసిపోతుంది. డైపరు ఆ కబురు చెప్పదు. ప్యాకెట్టు మీద "12 గంటల వరకు" అని రాసి ఉంటే, అది పీల్చుకునే శక్తి గురించిన మాట. బిడ్డకు అంతసేపు ఉంచమన్న సలహా కాదు.

పగలు రెండు, మూడు గంటలకొకసారి మార్చండి. మలం చేస్తే వెంటనే మార్చండి. మొదటి నెలల్లో రోజుకు ఎనిమిది, పదిసార్లు మార్చవలసి రావచ్చు. రాత్రి పడుకోబెట్టేముందు కొత్తది వేస్తే, మూత్రం మాత్రమే పోసి నిద్రపోతున్న బిడ్డను అందుకోసం లేపనక్కరలేదు. పాలకు లేచినప్పుడు చూసుకుంటే చాలు. రోజులో కొన్నిసార్లు, ఒక్కోసారి కనీసం పావుగంట, ఏమీ కట్టకుండా గాలి తగలనివ్వండి.

దీనికన్నా పెద్ద విషయం ఒకటుంది. మొదటి వారం దాటిన బిడ్డ రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోస్తుంటే పాలు సరిపోతున్నట్టు లెక్క. విరేచనాలు పట్టుకున్నప్పుడు ఒంట్లో నీరు తగ్గిందన్న సంగతిని ముందుగా చెప్పేది కూడా మూత్రమే. డైపరులో ఈ లెక్క తప్పిపోతుంది. పైగా నీళ్ళ విరేచనం డైపరులోకి ఇంకిపోతే అది మూత్రమేననుకునే ప్రమాదం ఉంది. "డైపరు బరువుగానే ఉందండీ, మూత్రం పోస్తూనే ఉంది" అని తల్లి ధైర్యంగా ఉంటుంది. లోపల బిడ్డ ఎండిపోతూ ఉంటుంది.

అందుచేత వాంతులు, విరేచనాలు ఉన్న రోజుల్లో, వడగాడ్పుల రోజుల్లో జ్వరం వచ్చినప్పుడు, ఇంట్లో ఉన్నంతసేపూ డైపరు తీసేసి గుడ్డలు కట్టండి. ఎన్నిసార్లు మూత్రం, ఎన్నిసార్లు విరేచనం అన్నది కాగితం మీద రాసిపెట్టుకోండి. విరేచనమైన ప్రతిసారీ ఓఆర్ఎస్ నీళ్ళు కొద్దికొద్దిగా పట్టండి, పాలు మాత్రం ఆపవద్దు. ఆరు గంటలపాటు మూత్రం రాకపోయినా, కళ్ళు లోతుకు పోయినా, నోరు ఎండినా, ఏడిస్తే కన్నీరు రాకపోయినా, బిడ్డ మగతగా పడి ఉన్నా వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి, తెల్లవారేదాకా ఆగవద్దు.

కొనేటప్పుడు ఏం చూడాలి?

డైపర్లలో రసాయనాలున్నాయన్న భయం ఉత్తినే పుట్టింది కాదు. ఫ్రాన్సు దేశపు ఆరోగ్య భద్రతా సంస్థ ఆన్సెస్ 2019 జనవరిలో ఒక నివేదిక ఇచ్చింది. కొన్ని డైపర్లలో పరిమళ ద్రవ్యాలు, ఫార్మాల్డిహైడ్, డయాక్సిన్ల వంటివి కనబడ్డాయని, వాటిలో కొన్ని రక్షణ హద్దును దాటవచ్చని చెప్పి, సువాసనలు కలపడం మానమని తయారీదార్లకు సూచించింది. మన దేశంలో ఢిల్లీలోని టాక్సిక్స్ లింక్ సంస్థ 2021లో వెలువరించిన పరిశీలనలో, మన బజార్లో దొరికే డైపర్లలో థాలేట్లు అనే, ప్లాస్టిక్కును మెత్తబరిచే రసాయనాలు ఉన్నట్టు తేలింది. ఫలానా రసాయనంవల్ల ఫలానా బిడ్డకు ఫలానా జబ్బు వచ్చిందని ఈ పరీక్షలు తేల్చలేదు. కానీ అనవసరమైనదాన్ని పసిబిడ్డ ఒంటికి దూరంగా ఉంచడం తెలివైన పనే.

కనుక ఇలా ఎంచుకోండి. సువాసన వేసినవి, లోషన్ పూసినవి, లోపలివైపు రంగు బొమ్మలున్నవి వద్దు. వాసన అవసరం బిడ్డకు లేదు. పైగా మార్చే వేళ అయిందని చెప్పే వాసనను అది కప్పేస్తుంది. తడిస్తే రంగు మారే గీత ఉన్నవి మంచివి, డైపరు చెప్పని కబురు ఆ గీత కొంతవరకు చెబుతుంది. కాగితపు గుజ్జును క్లోరిన్ వాయువుతో తెల్లబరచలేదని రాసి ఉంటే అది అర్థమున్న మాటే, ఎందుకంటే డయాక్సిన్లు పుట్టడానికి అదొక కారణం. వాడి పారేసే డైపర్లకు భారత ప్రమాణాల సంస్థ 2021లో ఒక ప్రమాణం ప్రకటించింది. దాని సంఖ్య ఐఎస్ 17509. ప్యాకెట్టు మీద ఆ సంఖ్య ఉందేమో చూడండి. నడుము దగ్గర రెండు వేళ్ళు దూరాలి. తొడలమీద ఎర్రని గాట్లు పడుతుంటే పెద్ద సైజు తీసుకోండి. చెడ్డీలా తొడిగే రకాన్ని మలం చేసినప్పుడు కిందికి లాగితే కాళ్ళంతా పులుముకుంటుంది. పక్కల కుట్లు చింపి తీయండి.

మట్టిలో కలిసిపోతుందా?

"డైపరు ఐదువందల ఏళ్ళకు గాని కుళ్ళదు" అంటూంటారు. వాడి పారేసే డైపర్లు విరివిగా బజారుకెక్కి ఇంకా డెబ్బయ్యేళ్ళయినా కాలేదు కాబట్టి, ఆ లెక్క కళ్ళతో చూసి చెప్పినది కాదు. అయితే అందులోని ప్లాస్టిక్ మన జీవితకాలంలో పోదన్నది నిజమే.

మరి ఆ వెదురు డైపర్ల సంగతి? వాటిలో చాలావాటికి ఒంటికి తగిలే పైపొర మాత్రమే వెదురునుంచి తీసిన నార. లోపలి పొడి, సాగే దారాలు, జిగురు మామూలువే. కొన్నిటిలో అడుగు పొరను మొక్కజొన్న వంటివాటి పిండిపదార్థంతో తయారుచేసే ప్లాస్టిక్కుతో చేస్తారు. అది విరిగి ఎరువు కావాలంటే దాదాపు 60 డిగ్రీల వేడి, తేమ, గాలి ఉండే ప్రత్యేకమైన ఎరువు కర్మాగారం కావాలి. మన మునిసిపాలిటీ బండి తీసుకువెళ్ళి పోసే చెత్తగుట్టలో ఆ ఏర్పాటు లేదు. గాలి ఆడని గుట్టలో కాగితం కూడా ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతుంది. మెత్తగా ఉందని, బిడ్డకు హాయిగా ఉందని కొంటే కొనండి. "మట్టిలో కలిసిపోతుంది" అన్న ఒక్క మాటకోసం మాత్రం ఎక్కువ డబ్బు పెట్టకండి.

దానికన్నా ఒక చిన్న లెక్క వెయ్యండి. రోజుకు ఆరు చొప్పున రెండేళ్ళకు 4,380 డైపర్లు. ఒక్కొక్కటి పది రూపాయలనుకున్నా 43,800 రూపాయలు. పగలు గుడ్డ, రాత్రి ఒక్క డైపరు అనుకుంటే రెండేళ్ళకు 730. ప్రయాణాలకు, ఆసుపత్రికి, పెళ్ళిళ్ళకు మరో రెండువందలు కలుపుకున్నా వెయ్యి దాటవు. అంటే చెత్తలో నాలుగింట మూడువంతులకు పైగా తగ్గిపోతుంది. ఏ ఖరీదైన డైపరూ ఇంత మేలు చెయ్యలేదు.

గుడ్డలు వాడేవారికి

గుడ్డలు ఉతకడానికి నీళ్ళు, సబ్బు, కరెంటు ఖర్చవుతాయి కదా అనవచ్చు. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2008లో ఈ లెక్కే కట్టింది. ఒక బిడ్డకు రెండున్నరేళ్ళకు వాడి పారేసే డైపర్లవల్ల సుమారు 550 కిలోల, గుడ్డలవల్ల సుమారు 570 కిలోల బొగ్గుపులుసు వాయువుకు సమానమైన కాలుష్యం అని తేలింది. ఇద్దరూ ఇద్దరే! కానీ గుడ్డలను యంత్రంలో కాక ఆరుబయట ఆరేసి, మెషిన్ నిండుగా వేసి ఉతికి, తర్వాతి బిడ్డకు కూడా అవే వాడితే గుడ్డల లెక్కలో 200 కిలోల దాకా తగ్గుతుందని కూడా ఆ సంస్థే చెప్పింది. దండెం మీద ఆరేసే అలవాటు మనకు ఉండనే ఉంది, ఎండకూ కొదవలేదు. అన్నగారి బిడ్డ గుడ్డలు చెల్లెలి బిడ్డకు చేరడమూ మనకు కొత్త కాదు.

మెత్తని నూలు గుడ్డలు రెండు డజన్లుంటే సరిపోతాయి. మలం ముందు లెట్రిన్‌లో వదిలించి, గుడ్డను చన్నీళ్ళలో జాడించి, తర్వాత వేడినీళ్ళలో తేలికపాటి సబ్బుతో ఉతకండి. సబ్బు వాసన పోయేదాకా రెండు, మూడు నీళ్ళలో జాడించండి. చివరి నీళ్ళలో యాంటీసెప్టిక్ మందు, మెత్తదనంకోసం పోసే ద్రావకం కలపవద్దు. మొదటిది చర్మాన్ని మండిస్తుంది, రెండోది గుడ్డ తడి పీల్చకుండా చేస్తుంది. వర్షాకాలంలో ఎండ లేకపోతే ఇస్త్రీ చేసి వాడండి. పిన్నీసు బదులు నాడా కుట్టుకోండి.

పాత గుడ్డలు పెట్టెలోంచి తీసేవారికి మరో హెచ్చరిక. వాటి మధ్య కలరా ఉండలు వేసి ఉంటే, ఉతకకుండా పసిబిడ్డకు కట్టవద్దు. జి-6-పి-డి అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉన్న పిల్లల్లో ఆ నాఫ్తలీన్ రక్తకణాలను పగలగొట్టి తీవ్రమైన కామెర్లు తెప్పించగలదు. బిడ్డ గుడ్డలున్న పెట్టెలో అసలు కలరా ఉండలే వెయ్యకండి.

కందితే ఏం చెయ్యాలి?

రెండు, మూడు రోజులపాటు డైపరు మానండి, లేదా గంట, రెండు గంటలకు మార్చండి. గోరువెచ్చని నీళ్ళు, మెత్తని దూదితో కడగండి. ఆడపిల్లలకు ముందునుంచి వెనక్కే తుడవాలి, లేకపోతే మూత్రనాళానికి మలం అంటి చీము పట్టవచ్చు. రుద్దకుండా అద్ది ఆరబెట్టి, జింక్ ఆక్సైడ్ పూత గాని, పెట్రోలియం జెల్లీ గాని మందంగా పూయండి.

పౌడరు వద్దు. ఆ పొడి బిడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బోరిక్ పౌడరు అసలే వద్దు. అది కందిన చర్మంగుండా ఒంట్లోకి పోతుంది, ఆ విధంగా పసిపిల్లలు చనిపోయిన సందర్భాలు వైద్యచరిత్రలో ఉన్నాయి. మందుల షాపులో అడిగితే ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన ట్యూబులు కూడా మీ అంతట మీరు వాడకండి. రెండు రోజుల్లో ఎరుపు తగ్గినట్టే ఉంటుంది గాని, బిగుతుగా కప్పిన చోట ఆ మందు ఎక్కువగా లోపలికి ఇంకి చర్మాన్ని పలుచబరుస్తుంది.

మూడు రోజుల్లో తగ్గకపోయినా, తొడల మడతల్లో కూడా బాగా ఎర్రబడి చుట్టూ చిన్న చిన్న ఎర్రని చుక్కలు కనిపించినా అది కాండిడా అనే బూజు కావచ్చు. చీము, నీటి పొక్కులు, జ్వరం ఉన్నా ఆలస్యం చేయవద్దు. వీటన్నిటికీ డాక్టరు చూసి మందు రాయాలి.

వాడినదాన్ని ఏం చెయ్యాలి?

"పాలుతాగే బిడ్డ మలం దోషం లేదు" అనుకోవడం పొరపాటు. విరేచనాలు కలిగించే క్రిములు అందులోనూ ఉంటాయి. డైపరులోని మలాన్ని లెట్రిన్‌లో వదిలించి, డైపరును చుట్టి, పాత పేపరులో పొట్లం కట్టండి. లెట్రిన్‌లో వేసి నీళ్ళు కొట్టకండి, ఆ పొడి ఉబ్బి గొట్టం పూడుకుపోతుంది. కాలువలో పారేయకండి, కాల్చకండి. చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఆ పొట్లం మీద ఎర్రని గుర్తు పెట్టండి. పుణె నగరంలో చెత్త ఏరే కార్మికుల సహకార సంస్థ 'స్వచ్' ఎర్రచుక్క పేరుతో ఈ కోరికే కోరింది. వాడిన డైపర్లను, ముట్టుగుడ్డలను విప్పి చూడవలసిన అవస్థ తమకు తప్పించమని వాళ్ళు అడిగారు. 2016లో కేంద్రప్రభుత్వం చేసిన ఘనవ్యర్థాల నిబంధనలు కూడా వీటిని భద్రంగా చుట్టి వెయ్యాలనే చెప్పాయి. మీ ఊళ్ళో వీటికి వేరే డబ్బా ఉంటే అందులోనే వెయ్యండి. మీ బిడ్డదే అయినా చేత్తో పట్టుకోవడానికి మనం వెనుకాడేదాన్ని, వీధి చివర ఇంకొకరు ఒట్టి చేతులతో వేరుచేస్తున్నారు. వాళ్ళ ఇంట్లోనూ చంటిపిల్లలుంటారు.

ఇక అత్తాకోడళ్ళ తగవు. రాత్రికీ ప్రయాణానికీ కోడలి డైపరు ఉండనివ్వండి, తల్లికి నిద్ర ఉంటేనే బిడ్డకు ఆలనా పాలనా. పగలు అత్తగారి లంగోటీలు వాడండి. అత్తగారికి మరో విద్య కూడా తెలుసు. బిడ్డ మెడ నిలిచాక, కాళ్ళు చాపుకుని కూర్చుని, పాదాలమీద బిడ్డను కూర్చోబెట్టి, పాలు తాగిన కాసేపటికి "ష్... ష్..." అంటూ అలవాటు చేస్తారు. బలవంతపెట్టకుండా, బిడ్డ ఏడిస్తే దించేస్తూ చేసినంతకాలం అందులో తప్పేమీ లేదు. రోజుకు రెండుసార్లు కుదిరినా రెండు గుడ్డలో, రెండు డైపర్లో మిగిలినట్టే. ఈసారి ఆవిడ అలా కూర్చున్నప్పుడు, అమ్మాయీ, పక్కన కూర్చుని నేర్చుకో.